మన నెల్లూరు, ఒంగోలు వైపు డాలియా పూయాలంటే

కావలి నుంచి మీరు అడిగింది ముందు నాలుగు ముక్కల్లో చెబుతాను, మిగతావాళ్ళకీ అర్థమవుతుంది. జూన్‌లో ఆన్‌లైన్‌లో తెప్పించి పాతిన డాలియా దుంపలు మొలకే రాకుండా కుళ్ళిపోయాయి. ఆ తర్వాత డిసెంబరులో నర్సరీ నుంచి పూలతో ఉన్న రెండు కుండీలు తెచ్చారు. రెండు వారాలు కళకళలాడాయి. తర్వాత ఆకుల అంచులు కాలినట్టు ఎండిపోయాయి, మొగ్గలు విచ్చుకోకుండానే నల్లబడ్డాయి. విచ్చుకున్న ఒకటీ అరా పూలు కూడా చిన్నగా, నడిమధ్య పసుపు బొడ్డు కనబడుతూ వచ్చాయి. ఇంట్లో ఉన్నవి బోరు నీళ్ళు. మన ఊళ్ళో డాలియా రాదేమో, చామంతి పెట్టుకోవడమే మేలేమో అన్నారు.

వస్తుందమ్మా. కాకపోతే ఏడాదిలో ఒక్క సందులోనే వస్తుంది. తుపాన్లు వెళ్ళిపోయాక, ఎండలు ముదరకముందు. అంటే ఇంచుమించు డిసెంబరు నడుమ నుంచి శివరాత్రి దాకా. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పెద్దవాళ్ళు అంటారు కదా, దాంతోపాటే డాలియా కూడా పోతుంది. పూలు ఈ రెండున్నర నెలల్లో పడేటట్టు మిగతా పనులన్నీ వెనక్కి లెక్కేసుకోవాలి. నేను ఒంగోలులో మిద్దె మీద చాలా ఏళ్ళుగా వీటిని పెంచుతున్నాను. డాలియా చెడిపోయిందని నా దగ్గరకు వచ్చేవాళ్ళు ముందు ఏ ఎరువు వెయ్యాలని అడుగుతారు. ఎరువు తక్కువై చెడిన కుండీలు నాకు పెద్దగా కనబడలేదు. నెల తప్పినవీ, నీళ్ళు పడనివీ మాత్రం బోలెడు.

ఇది మెక్సికో కొండల మొక్క. 1963లో ఆ దేశం దీన్ని జాతీయ పుష్పంగా ప్రకటించుకుంది. పుట్టిన చోట పగలు ఎండ ఉన్నా రాత్రి చల్లబడుతుంది. మన దగ్గర అసలు చిక్కు పగటి ఎండ కాదు, రాత్రి ఉక్క. రాత్రి వేడిగా ఉంటే పగలు ఆకులు తయారుచేసుకున్న ఆహారంలో చాలా భాగం మొక్క బతకడానికే ఖర్చయిపోతుంది, పువ్వుకి మిగలదు. మన ప్రాంతంలో రాత్రి 20 డిగ్రీల దగ్గరికి దిగేది ధనుర్మాసంలోనూ దాని తర్వాత కొన్ని వారాలూ. దుంప అన్నది మొక్క గడ్డుకాలాన్ని నిద్రలో దాటడానికి చేసుకున్న ఏర్పాటు. చలిదేశాల వాళ్ళకి ఆ గడ్డుకాలం మంచు కురిసే శీతాకాలం, మనకి వేసవి. అందుకే యూట్యూబ్‌లో విదేశీయులు చెప్పే వసంతంలో నాటండి, శరత్తులో తవ్వండి అన్న క్యాలెండరు మనకి పూర్తిగా తలకిందులు. మీ జూన్ దుంపల కథ అదే.

జూన్ అంటే మనకి వేసవి అయిపోయిన నెల కాదు. నైరుతి వానలు కోస్తా పై జిల్లాలను తడిపినట్టు మనల్ని తడపవు. 38, 40 డిగ్రీల్లో మిద్దె మీద కుండీ మట్టి చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. అందులో దుంప పెట్టి, మొలవలేదని రోజూ నీళ్ళు పోస్తే అది లోపల ఉడికి కుళ్ళుతుంది. ఆకు లేని దుంపకి నీళ్ళు తాగే పని లేదు. పాతిన రోజు మట్టి చెమ్మగా ఉంటే చాలు. మొలక పైకి కనబడేదాకా మళ్ళీ నీళ్ళ జోలికి పోకూడదు, మరీ పొడిబారితే చిలకరించాలి అంతే.

ఇంకో అనుమానం కూడా ఉంది. మీకు వచ్చిన దుంపల్లో అసలు మొలక లేచే కన్ను ఉందా? డాలియా దుంప బంగాళాదుంప లాంటిది కాదు, ఒళ్ళంతా కళ్ళుండవు. దుంప పైకొసన సన్నటి మెడ, ఆ మెడ పాత కాండంతో కలిసే చోట కాస్త ఉబ్బుగా ఉండే భాగం, అక్కడే కన్ను ఉంటుంది. వెలుతురులో పట్టుకుని చూడండి. గుండుసూది తలంత బుడిపె, లేత ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో కనిపిస్తుంది. కనబడకపోతే కాస్త తడిపిన కోకోపీట్‌లో, అంటే కొబ్బరి పీచు పొట్టులో, వారం పది రోజులు నీడన ఉంచితే తేలుతుంది. పాత కాండం ముక్క అంటుకోకుండా ఊడొచ్చిన దుంప, మెడ విరిగి తోలుతో వేలాడే దుంప ఎంత లావుగా ఉన్నా మొలవవు. వేళ్ళు వేస్తాయేమో కానీ మొలక రాదు. ఆన్‌లైన్‌లో చవగ్గా అమ్మే పొట్లాల్లో ఇవే ఎక్కువ. దుంప సైజు చూసి మోసపోకండి, వేలెడంత దుంప అయినా మెడ గట్టిగా ఉండి కన్ను ఉంటే అదే మంచిది.

ఇక క్యాలెండరు. సంక్రాంతికి పువ్వు చూడాలంటే విత్తనాలయితే సెప్టెంబరు ఆఖరి వారంలో ట్రేలో చల్లుకోవాలి. వారం పది రోజుల్లో మొలుస్తాయి, మూడు నెలల లోపు పూస్తాయి. విత్తనంతో వచ్చినవి తల్లిలా ఉండవు, రంగు ఏదొస్తే అది. కానీ మన ఎండకి ఓర్చుకునే పొట్టి రకాలు ఎక్కువగా విత్తనాల ప్యాకెట్లలోనే దొరుకుతాయి కాబట్టి కొత్తవాళ్ళకి నేను అదే చెబుతాను. దుంపలయితే అక్టోబరు మొదటి పక్షం. దుంప మొలిచి జానెడు అయ్యాక లేత కొసలు మూడంగుళాల పొడవు కోసి తడి ఇసుకలో గుచ్చితే రెండు మూడు వారాల్లో వేళ్ళు వేస్తాయి. ఒక దుంప నుంచి నాలుగైదు మొక్కలు చేసుకోవచ్చు. కాకపోతే కొమ్మలు గుచ్చాలనుకుంటే దుంపని ఇంకా ముందే, సెప్టెంబరులో నీడన మొలకెత్తించుకోవాలి.

ఇక్కడే మన జిల్లాల అసలు ఇబ్బంది. మొక్క పసిదిగా ఉండే అక్టోబరు, నవంబరు మనకి ఈశాన్య రుతుపవనాల కాలం. అల్పపీడనం, వాయుగుండం, ముసురు, మళ్ళీ అల్పపీడనం. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నెల్లూరు ఎలా ఉందో అందరం చూశాం. 2023లో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న. కాబట్టి డిసెంబరు మొదటి వారం కూడా నమ్మకం లేదు. మూడు రోజులు మట్టి ముద్దగా ఉంటే డాలియా వేరు నల్లబడుతుంది. నవంబరులో మొక్కని నేలలో పెట్టడం జూదం. కుండీలోనో గ్రో బ్యాగ్‌లోనో పెట్టి, సన్‌షేడ్ కింద, వరండా అంచున, వెలుతురు బాగా పడి వాన పడని చోట పెంచండి. కుండీ అడుగున రెండు ఇటుకలు పెడితే నీళ్ళు నిలవవు. తుపాను కబురు వస్తే లోపలికి జరపడానికి వీలుగా ఉంటుంది. నేలలో పెట్టాలన్న కోరిక ఉంటే డిసెంబరు నడుమన, అడుగెత్తు మట్టి పోసిన మడి మీద పెట్టండి.

మీ పూల మధ్యలో పసుపు బొడ్డు కనబడటానికి కారణం చాలామందికి తెలియదు. నర్సరీ వాళ్ళు మోసం చేశారనీ, జాతి చెడిపోయిందనీ అనుకుంటారు. అది పగలు కురచ అవడం వల్ల. డాలియాకి పొద్దు 12 గంటల లోపుకి తగ్గితే దుంప ఊరించుకోవాలన్న తొందర మొదలవుతుంది, పెరుగుదల మందగిస్తుంది. ముద్ద పువ్వు వచ్చే రకాల్లో కూడా రేకులు తగ్గి మధ్య బొడ్డు బయటపడుతుంది. డిసెంబరులో మన పగలు పదకొండుంపావు గంటలే. అంటే మనకి చల్లదనం ఉన్నప్పుడు పొద్దు లేదు, పొద్దు ఉన్నప్పుడు చల్లదనం లేదు. దీనికి మందు చాలా చవక. మొక్కకి నాలుగైదు అడుగుల ఎత్తున 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒకటి, పొద్దుగూకే వేళ నుంచి రాత్రి తొమ్మిది దాకా వెలిగించండి. పూలతోటల వ్యాపారం చేసేవాళ్ళు షెడ్లలో చేసేది ఇదే, పగలుని 14 గంటలకి సాగదీస్తారు. నవంబరు నుంచి జనవరి ఆఖరు దాకా వెలిగించుకోవచ్చు. వాకిట్లో లైటు కింద ఉన్న కుండీ బాగా ఎదిగి, పెరట్లోది గిడసబారి ఉండటం మీరూ గమనించే ఉంటారు. చామంతిని మాత్రం ఆ లైటు కిందికి చేర్చకండి. దానికి చీకటి కావాలి, లైటు పడితే మొగ్గే వెయ్యదు.

డిసెంబరులో పూలతో కుండీ కొనడంలో తప్పేమీ లేదు, పని తొందరగా అయిపోతుంది. కానీ కడియం నుంచి, బెంగళూరు వైపు నుంచి వచ్చే ఆ కుండీలు ఎక్కువగా ఉత్త కోకోపీట్‌లో పెరిగినవి, చిన్న కుండీలోవి, వేళ్ళు గుండ్రంగా చుట్టుకుని ఉంటాయి. కొన్ని నర్సరీలు మొక్క పొట్టిగా, గుబురుగా కనబడటానికి ఎదుగుదల ఆపే మందు కూడా వాడతాయి. దాని ప్రభావం తీరాక కొత్త చిగుళ్ళు పొడుగ్గా సాగుతాయి, కంగారు పడక్కర్లేదు. కొనేటప్పుడు విరిసిన పూలు లెక్కపెట్టకండి, బఠాణీ గింజంత మొగ్గలు ఎన్ని ఉన్నాయో చూడండి. కింది ఆకు తిరగేసి చూడండి. కుండీ అడుగు రంధ్రంలోంచి వేరు తెల్లగా కనబడాలి, గోధుమ రంగులో మెత్తగా ఉంటే వదిలేయండి. ఇంటికి తెచ్చాక రెండు మూడు రోజులు నీడపట్టున ఉంచి, విరిసిన పూలన్నీ కోసేసి, అప్పుడు పెద్ద కుండీలోకి మార్చాలి. పూలు కోసేయమంటే చాలామందికి ప్రాణం ఒప్పదు, డబ్బులిచ్చింది వాటికే కదా అంటారు. ఆ పూలతోనే ఉంచితే రెండు వారాల ముచ్చటే, మీకు జరిగినట్టు.

ఇప్పుడు నీళ్ళ సంగతి. కాలిన ఆకు అంచులు చూడగానే నాకు మీ బోరే గుర్తొచ్చింది. సముద్రం పక్క ఊళ్ళల్లో బోరు నీళ్ళు ఉప్పు తిరగడం కొత్త కాదు. డాలియా ఉప్పుని ఓర్చుకోదు. ఎండ వల్ల కాలితే పైన, ఎండ తగిలే ఆకుల మీద మచ్చలు మచ్చలుగా కాలుతుంది. ఉప్పు వల్ల అయితే ముందు కింది ముదురు ఆకుల కొసలు, అంచులు గోధుమ రంగుకి తిరిగి పెళుసవుతాయి, అక్కడి నుంచి పైకి పాకుతుంది. మీ కుండీ లోపలి అంచు మీద వేలుతో గీకి చూడండి, తెల్లటి పొడి పెట్టిందంటే సందేహం లేదు. నీళ్ళలో కరిగిన ఉప్పులు ఎంతున్నాయో చూపించే టీడీఎస్ మీటరు కొద్ది డబ్బులకే దొరుకుతుంది, ఒకటి కొనుక్కోండి. 500 లోపు ఉంటే నిశ్చింతగా పోయండి. వెయ్యి దాటితే డాలియాకి ఆ నీళ్ళు వద్దు. మధ్యలో ఉంటే వాడొచ్చు కానీ, పదిహేను రోజులకోసారి కుండీ పట్టేదానికి రెండింతల మంచినీళ్ళు మెల్లగా పోసి, పేరుకున్న ఉప్పు అడుగు నుంచి కారిపోయేటట్టు చెయ్యాలి. ఆర్వో మెషిన్ వదిలే నీళ్ళు వృథా అవుతున్నాయని మొక్కలకి పోసేవాళ్ళున్నారు. బోరు నీళ్ళలో ఉన్న ఉప్పంతా చిక్కబడి దాంట్లోకే వస్తుంది, డాలియా దగ్గరికి తేవద్దు. ఏసీ నుంచి కారే నీళ్ళు మాత్రం భేషుగ్గా పనికొస్తాయి, చలికాలంలో ఏసీ వెయ్యం, అదొక్కటే ఇబ్బంది.

మరి మంచినీళ్ళు ఎక్కడివి అంటారా? అక్టోబరు నుంచి మిద్దె మీద పడి కాలవలో పోయేవి మంచినీళ్ళే. చలికాలంలో 12 అంగుళాల కుండీ రోజుకి లీటరు కూడా తాగదు. రెండు కుండీలకి రెండు నెలలకి 120 లీటర్లు. 200 లీటర్ల నీలం డ్రమ్ము ఒకటి పైపు కింద పెట్టి నింపుకుని, దోమలు పడకుండా గుడ్డ కట్టి మూత పెడితే మీ డాలియా సీజను మొత్తం గడిచిపోతుంది. మున్సిపల్ కుళాయి ఉన్నవాళ్ళకి ఈ బాధ లేదు. పొయ్యడం మాత్రం పొద్దున పూట, మొక్క మొదట్లో. ధనుర్మాసంలో ఎలాగూ మంచు కురుస్తుంది, సాయంత్రం ఆకులు తడిపితే తెగుళ్ళని పిలిచినట్టే. రోజూ ఇంత అని కొలత పెట్టుకోకండి. మట్టిలో వేలు రెండు కణుపుల దాకా గుచ్చి, పొడిగా తగిలితేనే పోయండి.

మట్టి గురించి. ఎర్రమట్టి రెండు పాళ్ళు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ఏటి ఇసుక ఒక పాలు, కోకోపీట్ అరపాలు. కోకోపీట్‌లో కూడా ఉప్పు ఉంటుంది, రెండు మూడు నీళ్ళు మార్చి పిండి వాడండి. కుండీకి ఒక గుప్పెడు వేప పిండి, ఒక గుప్పెడు ఎముకల పొడి. సముద్రపు ఇసుక వద్దని వేరే చెప్పక్కర్లేదనుకుంటా, అయినా చెబుతున్నాను, తెచ్చేవాళ్ళు ఉన్నారు. చెరువు మట్టి బలం అని కుండీ నిండా నింపుతారు, అది ఆరితే ఇటుకవుతుంది, తడిస్తే ముద్దవుతుంది. మా వైపు నల్లరేగడి కూడా అంతే, పొగాకుకీ శనగకీ బంగారం, డాలియా కుండీకి మాత్రం పనికిరాదు. మన నేలలు, బోరు నీళ్ళు రెండూ క్షారం వైపు ఉంటాయి కాబట్టి లేత ఆకులు పసుపు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా మిగలడం మామూలే. అది ఇనుము అందకపోవడం. గూడూరు, పొదలకూరు వైపు నిమ్మతోటలున్నవాళ్ళకి ఈ లక్షణం బాగా పరిచయం. లీటరు నీళ్ళలో 2 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), అర గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం ఆకుల మీద చల్లితే వారంలో రంగు తిరుగుతుంది.

మొక్క అడుగు ఎత్తు అయ్యి నాలుగు జతల ఆకులు వేశాక నడి తలని గోటితో తుంచెయ్యాలి. పక్క కొమ్మలు నాలుగో ఆరో వస్తాయి. తుంచకపోతే ఒక్క కర్రలాగా పోయి, కొసన ఒక్క పువ్వు పూసి, గాలికి విరుగుతుంది. కాండం లోపల బోలు, చూడ్డానికే లావు. అందుకే ఊతకర్ర మొక్క నాటిన రోజే గుచ్చాలి, తర్వాత గుచ్చితే దుంపలో దిగుతుంది. మనకి సరుగుడు కర్రలకి కరువా? బొటనవేలంత లావువి మూడు, కుండీ అంచున ముక్కోణంలో గుచ్చి, పాత నూలు చీర పేలికలు వదులుగా చుట్టండి. ప్లాస్టిక్ తాడు కాండాన్ని కోస్తుంది.

మొగ్గలు వచ్చే తీరు ఒకసారి దగ్గరగా చూడండి. ప్రతి కొమ్మ కొసన మూడు మొగ్గలు, మధ్యది పెద్దది, పక్క రెండు దాని భుజాల మీంచి తొంగి చూస్తున్నట్టు ఉంటాయి. పక్కవి బఠాణీ గింజంత అయినప్పుడు బొటనవేలితో పక్కకి వంచితే టక్కున ఊడొస్తాయి. ఆ బలమంతా మధ్యదానికి పోతుంది. అన్ని కొమ్మలకీ చెయ్యక్కర్లేదు. కుండీ నిండుగా చిన్న పూలు కావాలంటే వదిలెయ్యండి. నేనయితే సగం కొమ్మలకి తీసి సగం వదిలేస్తాను.

ఎరువు సంగతి తొందరగా చెప్పేస్తాను. వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్ళు మన వాళ్ళకి సర్వరోగ నివారిణి. మొక్క ఎదిగే దశలో పది రోజులకోసారి పలచగా పోస్తే మంచిదే. మొగ్గ కనబడ్డాక ఆపెయ్యాలి, ఆపకపోతే ఆకులు గుబురుగా, కాడలు మెత్తగా వస్తాయి, మొగ్గలు తగ్గుతాయి, పేనుబంక మాత్రం విందుకి వస్తుంది. మొగ్గ దశ నుంచి పొటాష్ కావాలి, 0:0:50 అని అమ్మే సల్ఫేట్ ఆఫ్ పొటాష్ లీటరుకి 2 గ్రాములు, పదిహేను రోజులకోసారి. అరటి తొక్కల నీళ్ళతో ఆ పని జరగదు. ఎండు రొయ్యల పొట్టు మన జిల్లాలో ఊరికే దొరుకుతుంది కాబట్టి వేస్తుంటారు. ఉప్పు పోయేదాకా కడిగి, కంపోస్టులో మాగబెట్టి వెయ్యండి. పచ్చిగా వేస్తే వీధిలో పిల్లులన్నీ కుండీ తవ్వేస్తాయి.

నల్లబడిన మొగ్గలకి వస్తాను. ఒక తెల్ల కాగితం మొగ్గ కింద పట్టి, కొమ్మని రెండుసార్లు గట్టిగా తట్టండి. సన్నగా, గీతలాగా, పసుపు రంగులో పాకేవి కనబడితే తామర పురుగులు. మిరప రైతులని ఏడిపించేవి ఇవే. మొగ్గ లోపల దూరి రేకుల రసం పీల్చేస్తాయి, మొగ్గ ఒక పక్కకి వంకర తిరిగి మాడుతుంది. చుక్కల్లాంటి ఎర్రటివి మెల్లగా కదులుతుంటే ఎర్రనల్లి, ఆకు అడుగున సన్నటి సాలెగూడు కూడా ఉంటుంది. ఇది ఫిబ్రవరి ఎండకి ఎక్కువవుతుంది. ఏమీ రాలలేదంటే పురుగు కాదు, ఉప్పు నీళ్ళో, ఒకరోజు ఎండగట్టి ఒకరోజు ముంచడమో కారణం. మాడిన మొగ్గలు తుంచి కవర్లో కట్టి పారెయ్యండి, కుండీలో రాల్చొద్దు. వేపనూనె లీటరుకి 5 మి.లీ., రెండు చుక్కల సబ్బు నీళ్ళతో కలిపి వారానికోసారి, ఆకు అడుగు తడిసేటట్టు. మొగ్గ దశలో తామర పురుగు మరీ ఎక్కువైతే స్పైనోశాడ్ అనే పురుగు మందు లీటరుకి 0.3 మి.లీ. పొద్దుగూకాక కొట్టండి, పగలు తేనెటీగలు తిరుగుతాయి. ఆకుల మీద తెల్లగా బూడిదలా పరుచుకునే బూడిద తెగులుకి నీళ్ళలో కరిగే గంధకం లీటరుకి 2 గ్రాములు. వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు గంధకం కొట్టకూడదు, ఎండ ముదిరిన రోజుల్లో అసలు కొట్టకూడదు, ఆకు మాడుతుంది.

రాత్రికి రాత్రి ఆకులు జల్లెడ అయితే పొగాకు లద్దె పురుగు. మందు అక్కర్లేదు, రాత్రి ఎనిమిదింటికి సెల్‌ఫోన్ లైటు వేసి ఏరెయ్యండి. ఆకులు పసుపు, ఆకుపచ్చ చారలతో ముడుచుకుని మొక్క ఎదగకుండా ఉండిపోతే అది వైరస్, దానికి మందు లేదు. పీకేసి, దుంపతో సహా తగలబెట్టెయ్యాలి. దాని దుంప దాచినా, కొమ్మ గుచ్చినా రోగం వెంటే వస్తుంది. మీ మొక్క ఉన్నట్టుండి వాలిపోయి, నీళ్ళు పోసినా తేరుకోకపోతే కాండం మొదలు నొక్కి చూడండి. మెత్తగా, వాసన వస్తుంటే వేరు కుళ్ళు. లీటరుకి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ పోయొచ్చు, మొదట్లోనే పట్టుకుంటే బతుకుతుంది. కాండం గట్టిగా ఉండి మధ్యాహ్నం వాలి సాయంత్రం లేస్తుంటే అది ఎండ దెబ్బే, నీళ్ళు పొయ్యొద్దు, నీడకి జరపండి.

ఫిబ్రవరి రెండో వారం నుంచి పన్నెండింటి తర్వాత ఎండ పడకుండా 50 శాతం షేడ్ నెట్ కట్టండి. దాంతో ఇంకో మూడు వారాలు పూలు లాగొచ్చు. వాడిన పూలు వెంటనే కోసెయ్యాలి, లేకపోతే గింజ కట్టడానికి బలం పోతుంది. కొత్తవాళ్ళు వాడిన పువ్వనుకుని మొగ్గలు కోసేస్తుంటారు, రేకులు రాలాక రెండూ ఒకేలా కనబడతాయి. మొగ్గ గుండ్రంగా, పైన చదునుగా, గట్టిగా ఉంటుంది. వాడినది కొస తేలి, నొక్కితే మెత్తగా తగులుతుంది.

మార్చి వచ్చాక నీళ్ళు మెల్లగా తగ్గించండి. ఆకులు పండి ఎండిపోతాయి, అది చావు కాదు. కాండాన్ని జానెడు వదిలి కోసెయ్యండి. విదేశాల్లో తవ్వి 5, 10 డిగ్రీల చల్లటి గదుల్లో దాస్తారు, మనకి అలాంటి గది ఫ్రిజ్ తప్ప లేదు, అందులో పెడితే పీచులా ఎండిపోతాయి. మనకి నప్పేది తవ్వకపోవడమే. కుండీని అలాగే ఇంటికి ఉత్తరం వైపో, మెట్ల కిందో, చల్లగా నీడగా ఉన్న చోటుకి చేర్చి, మీద కాస్త ఎండు ఆకులు పరిచి, పదిహేను రోజులకోసారి అర గ్లాసు మంచినీళ్ళు చిలకరించండి. మట్టి పూర్తిగా దుమ్మైతే దుంప ముడతలు పడి ఎండుతుంది, తడిగా ఉంటే కుళ్ళుతుంది, ఆ రెంటి మధ్యలో ఉంచాలి. ఇంత చేసినా అన్నీ బతకవు. మే నెల తిన్నవి పోగా సెప్టెంబరులో తవ్వి చూస్తే కొన్ని గట్టిగా ఉంటాయి, కన్ను లేచినవి అవే మళ్ళీ నాటండి. ఈ తతంగం వద్దనుకుంటే ప్రతి ఏడూ సెప్టెంబరులో విత్తనాల ప్యాకెట్టు ఒకటి కొనండి. డాలియాని ఏడాది పూలమొక్కగా చూడటంలో నామోషీ ఏమీ లేదు, బంతిని అలాగే చూస్తాం కదా.

చివరగా మీరు అడిగిన పళ్ళెమంత పూల దుంపలు, ఊటీ ఫొటోలు పెట్టి అమ్మేవి, తెప్పించుకోవాలా అని. వద్దమ్మా. ఆ రకాలకి చల్లటి నెలలు మనకున్నన్ని చాలవు. మొక్క నడుమెత్తు పెరిగి మొగ్గ వేసేసరికి మార్చి ఎండ వచ్చేస్తుంది. మనకి పొట్టి రకాలు, నిమ్మకాయంత బంతిలాగా గట్టిగా పూసే పాంపాన్ రకాలు బాగా వస్తాయి, వాటి రేకు మందం, ఎండకి తొందరగా వాడదు. ఆ దుంపల డబ్బుతో ముందు డ్రమ్మూ, మీటరూ కొనుక్కోండి. ఇప్పుడు మీ దగ్గరున్న రెండు కుండీల్లో కాండం గట్టిగా ఉన్నదాన్ని మంచినీళ్ళతో ఒకసారి బాగా కడిగి, మాడిన కొమ్మల్ని కింది కణుపు దాకా కోసి, పొద్దుటి ఎండ తగిలే తూర్పు వైపు పెట్టండి. పక్క చిగుళ్ళు రెండు వారాల్లో రావాలి. రాకపోతే మట్టి తీసి వేరు ఎలా ఉందో ఫొటో పెట్టండి, చూసి చెబుతాను.